మెట్లెక్కితే మార్పు వచ్చేస్తుందా? స్టెప్-బై-స్టెప్ మోడల్స్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఫ్యాక్టరీలకీ, ఆసుపత్రులకీ, లాడ్జీలకీ కొత్త పద్ధతులు అలవాటు చేయించడం నా పని. సాఫ్ట్‌వేర్ మారినా, షిఫ్టులు మారినా, ఓనరుగారి అబ్బాయి చదువు ముగించుకుని వచ్చి అన్నీ మార్చేద్దామన్నా నాకు ఫోనొస్తుంది. వెళ్ళిన ప్రతిచోటా ఎవరో ఒకరు ఎనిమిది స్టెప్‌ల చార్టు తీసి గోడ మీద చూపిస్తారు. మొదట్లో నేనూ చూపించినవాణ్ణే. ఆ చార్టు ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి, ఇక ఒకచోట రాసిపెడదామనిపించింది.

స్టెప్ మోడల్ అంటే ఏంటి? ఎన్ని ఉన్నాయి?

సంస్థలో మార్పు తేవాలంటే ఒకదాని తర్వాత ఒకటిగా ఏ మెట్లు ఎక్కాలో చెప్పే పద్ధతి. అలాంటివి లెక్కలేనన్ని. మన దగ్గర ఎక్కువగా వినపడేవి మూడు. కర్ట్ లెవిన్ పేరు మీద చెలామణీ అయ్యేదానికి మూడు మెట్లు: గడ్డకట్టినదాన్ని కరిగించు, మార్చు, మళ్ళీ గడ్డకట్టించు. జాన్ కోటర్‌ది ఎనిమిది: తొందర పుట్టించడం, ముందుండి నడిపే నలుగుర్నీ కూడగట్టడం, ఎటు వెళ్ళాలో తేల్చుకోవడం, అందరికీ చెప్పడం, అడ్డంకులు తీసేయడం, చిన్న చిన్న గెలుపులు చూపించడం, ఊపు తగ్గకుండా చూడడం, చివరికి అదే అలవాటుగా నాటుకునేలా చేయడం. మూడోది జెఫ్ హయాట్ తయారుచేసిన ఆడ్కార్. అది సంస్థని వదిలి ఒక్కో మనిషిని పట్టుకుంటుంది. సంగతి తెలియాలి, కావాలనిపించాలి, ఎలాగో నేర్చుకోవాలి, చేయగలగాలి, జారిపోకుండా నిలవాలి. మొత్తం ఐదు, వాటి ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలు కలిపితే ఆడ్కార్.

లెవిన్ నిజంగా ఆ మూడు మెట్లు చెప్పాడా?

చెప్పాడు గానీ, మనం చదువుకున్నట్టు కాదు. లెవిన్ జర్మనీలో ఉండిన యూదు మనస్తత్వ శాస్త్రవేత్త. 1933లో హిట్లర్ వచ్చాక అమెరికా వెళ్ళిపోయాడు. 1947లో ఆయన రాసిన పెద్ద వ్యాసంలో ఈ మూడు మెట్ల మాట చిన్న ముక్కగా ఉంటుంది. అదే ఏడాది ఆయన చనిపోయాడు. ‘మళ్ళీ గడ్డకట్టించు’లోని ‘మళ్ళీ’ని కూడా తర్వాతివాళ్ళే తగిలించారు. స్టీఫెన్ కమింగ్స్ అనే పరిశోధకుడు, ఇంకో ఇద్దరు కలిసి 2016లో ఈ కథంతా తవ్వి, ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో కనిపించే మోడల్ ఆయన పోయాక ఇతరులు కట్టిన మేడ అని చూపించారు.

నాకు బాధ అనిపించేది ఇంకొకటి. లెవిన్ చేసిన పనిలో మనకి బాగా పనికొచ్చే ముక్క పక్కకి పోయి, ఐస్‌గడ్డ బొమ్మ మిగిలింది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో అమెరికాలో మంచి మాంసం సైన్యానికి పోయేది. గుండె, మూత్రపిండాల వంటివి ఇళ్ళలో వండించాలని అక్కడి ప్రభుత్వం ప్రయత్నించింది. (మన సీమలో అయితే బోటీ తినమని ఎవరూ ప్రచారం చేయక్కర్లేదు.) లెవిన్ కొందరు గృహిణులకి లెక్చర్ ఇప్పించాడు. ఇంకొందర్ని కూర్చోబెట్టి, వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకుని తేల్చుకోనిచ్చాడు. లెక్చర్ విన్నవాళ్ళలో 3 శాతం మంది వండారు. తేల్చుకున్నవాళ్ళలో 32 శాతం. ఇంత తెలిశాక కూడా మన ఆఫీసుల్లో మార్పు అంటే ముందు ఒక లెక్చరే.

అసలు ఇబ్బంది ఎక్కడ వస్తుంది? జరిగింది ఏదైనా చెప్పండి.

చిత్తూరు వైపు ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. పేరెందుకులెండి. తోతాపురి అంటే జూన్, జూలై. ఏడాది వ్యాపారమంతా ఆ కొద్ది వారాల్లోనే. విదేశాల్లో కొనేవాళ్ళు ఏ డ్రమ్ములో ఏ తోట కాయ ఉందో చెప్పమంటున్నారని, ఫిబ్రవరిలో వేబ్రిడ్జ్‌కి కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చారు. అప్పటిదాకా అంతా చేతిరాత చీటీలే.

ఎనిమిది స్టెప్‌లూ నేనే దగ్గరుండి చేయించాను. ఆర్డర్లు పోతాయని చెప్పి తొందర పుట్టించాం. మేనేజరు, అకౌంటెంటు, ఓనరుగారి తమ్ముడు, నేను కలిసి బృందం కట్టాం. గేటు దగ్గర తెలుగులో బోర్డు పెట్టించాం. ఏప్రిల్‌లో ట్రైనింగ్. మే నెల చివర్లో ముందుగా వచ్చిన కొన్ని లోడ్లు సాఫ్ట్‌వేర్‌లో చక్కగా ఎక్కాయి. చిన్న గెలుపు చూపించాలి కదా, కేకు కూడా కోశాం.

జూన్ రెండో వారానికి గేటు బయట ట్రాక్టర్లు రోడ్డు మలుపు దాకా నిలబడ్డాయి. ఆఫీసు కంప్యూటర్లో మాత్రం అంతా పచ్చగా ఉంది, అన్ని లోడ్లూ ఎంట్రీ అయ్యాయని. ఒకరోజు ఊరికే టైములు చూస్తుంటే అనుమానం వచ్చింది. రాత్రి తొమ్మిది తర్వాత ఒక్క బండీ లేదు. తెల్లవారి ఆరు నుంచి ఏడు లోపల నలభై రెండు బండ్లు తూగాయి. ఒక బండి కాటా మీదికి ఎక్కి దిగడానికే మూడు నిమిషాలు పడుతుంది.

ఆ రాత్రి వెళ్ళి కాటా గదిలో కూర్చున్నాను. అక్కడి గుమాస్తాని అందరూ పెద్దాయన అంటారు. లోడు తూగగానే చీటీ ప్రింటు కొట్టమంటుంది సాఫ్ట్‌వేర్. ప్రింటు కొడితే లెక్కకి తాళం పడుతుంది. కానీ తరుగు తేలేది కాయ దించాక. దెబ్బతిన్నది, పచ్చిది, మరీ సన్నది ఎంత ఉందో చూసి, ప్లాట్‌ఫాం మీద నుంచి చెకర్ కేకేస్తాడు: “పన్నెండో బండికి రెండు పర్సెంటు!” రైతు కాదంటాడు. కాసేపు వాదన. ఒకటిన్నర దగ్గర తెగుతుంది. ఇదంతా అయ్యేదాకా ప్రింటు కొట్టలేక, పెద్దాయన చొక్కా జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి పెన్సిల్‌తో రాసుకుంటున్నాడు. తెల్లవారాక అన్నీ వరసపెట్టి కంప్యూటర్‌కి ఎక్కిస్తున్నాడు. ఫ్యాక్టరీ నడిచేది ఆ నోటుబుక్కు మీద. ఏ లోడు ఎప్పుడు ఏ ట్యాంకుకి వెళ్ళిందో తెలుసుకోవడానికి కదా సాఫ్ట్‌వేర్ తెచ్చింది, ఆ టైములే తప్పు.

“ముందే చెప్పొచ్చు కదా పెద్దాయనా” అన్నాను. “ట్రైనింగ్‌లో తరుగు సంగతి ఎవరూ ఎత్తలేదు సార్, ఇంకేదో ఏర్పాటు చేసుంటారనుకున్నా” అన్నాడు.

ఏ స్టెప్ తప్పింది? నేనైతే వెతికి వెతికి ఏదీ పట్టుకోలేకపోయాను. మూడో మెట్టు మీద తెలిసుండాల్సిన విషయం, ఆరో మెట్టు దాటి సీజన్లో పడితే గానీ బయటపడనిది. ఫిబ్రవరిలో ఫ్యాక్టరీలో కాయే లేదు, తరుగు గుర్తు చేసేదెవరు? ఎంత క్రమంగా ఎక్కినా ఇది మెట్ల వరసకి అందదు.

మేం స్టెప్‌లన్నీ వరసగా చేశాం, అయినా ఫెయిలైంది. ఏదో ఒకటి సరిగా చేయలేదంటున్నారు కన్సల్టెంట్లు. నిజమేనా?

ఆ మాట ఎప్పుడైనా అనొచ్చు. అదే దాని సుఖం. మార్పు నిలిస్తే మోడల్ గొప్పది, నిలవకపోతే మీరు నాలుగో స్టెప్‌లో సరిగా చెప్పలేదు. ఓడిపోయే దారే లేని జాతకం లాంటిది. కోటర్ 1995లో ఈ లెక్క మొదట రాసినప్పుడు, వందకి పైగా కంపెనీలని చూశానని, అవి చేసిన ఎనిమిది తప్పులు ఇవీ అని చెప్పాడు. మరుసటి ఏడు పుస్తకమైంది. అనుభవం మీద చెప్పిన మంచి మాటలవి, కాదనను. కానీ జరిగిపోయినదాన్ని వెనక్కి తిరిగి చూస్తే ఏ కథైనా వరసగానే కనిపిస్తుంది. పెళ్ళి ఆల్బం చూసి, పెళ్ళి ఆ వరసలో టెన్షన్ లేకుండా జరిగిందనుకుంటే ఎట్లా?

ఆల్బం అంటున్నారు గానీ, కోటర్ తర్వాత ఏమీ మార్చుకోలేదా?

మార్చుకున్నాడు. 2014లో వచ్చిన పుస్తకంలో ఎనిమిదింటినీ ఒకదాని తర్వాత ఒకటిగా కాకుండా, ఒకేసారి, ఆగకుండా నడవాల్సినవిగా చెప్పాడు. నలుగురైదుగురి బృందం సరిపోదు, సంస్థ నలుమూలల నుంచీ ఇష్టపడి వచ్చినవాళ్ళు కావాలన్నాడు. మన ట్రైనింగ్ హాళ్ళకి మాత్రం ఆ కబురు ఇంకా అందినట్టు లేదు, పాత మెట్ల చార్టే తిరుగుతోంది.

మార్పు ప్రయత్నాల్లో 70 శాతం ఫెయిలవుతాయంటారు కదా?

మైకేల్ హ్యామర్, జేమ్స్ చాంపీ అనే మేనేజ్‌మెంట్ రచయితలు 1993లో, రీఇంజనీరింగ్ (పని పద్ధతుల్ని మొదటి నుంచి కొత్తగా కట్టడం) ప్రయత్నాల గురించి 50 నుంచి 70 శాతం అన్నారు. ఇది శాస్త్రీయమైన లెక్క కాదు, మా అంచనా అని వాళ్ళే రాశారు. ఆ అంచనా చేతులు మారి మారి 70 దగ్గర స్థిరపడింది. 2000లో మైకేల్ బీర్, నితిన్ నోహ్రియా కూడా ఆ అంకె వాడారు. 2011లో మార్క్ హ్యూస్ అనే ఆయన ఈ అంకె ఎక్కడెక్కడ అచ్చయిందో పట్టుకుని వెనక్కి వెళ్తే, గట్టి ఆధారం ఎక్కడా దొరకలేదు. ఈసారి ఎవరైనా ఈ 70 చూపించి మోడల్ అమ్మబోతే, ఫెయిలంటే ఏంటో ముందు చెప్పమనండి. మన గుజ్జు ఫ్యాక్టరీని పాస్‌లో వేస్తారా, ఫెయిల్‌లోనా?

మా వాళ్ళు మార్పుకి ఒప్పుకోరండీ. దానికేం చేయాలి?

ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. స్టెప్ మోడల్స్‌లో ఒప్పుకోకపోవడం అంటే మెట్టు మీద అడ్డంగా పడిన బండరాయి. తీసేయాలి, లేదా చుట్టు తిరిగి పోవాలి. నేను చూసినంతలో అది చాలాసార్లు సమాచారం.

తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో బీపీ, జ్వరం, పల్స్ కేస్‌షీట్‌లో రాయడం మాని, మంచం దగ్గరే ట్యాబ్‌లో ఎక్కించమన్నారు. సిస్టర్లు ఎక్కించలేదు. ‘సహకరించడం లేదు’ అని రిపోర్టు రాసి, రెండోసారి ట్రైనింగ్ పెట్టారు. మూడోసారి పెట్టబోతుంటే, నైట్ డ్యూటీ సిస్టర్ ఒకామె చేతికి గ్లవుజు తొడుక్కుని నా ముందు ట్యాబ్ మీద వేలు పెట్టింది. స్క్రీన్ కదల్లేదు. గ్లవుజు తీసి పెట్టింది, కదిలింది. “ఇరవై మంచాలకి ఇరవైసార్లు తీసి తొడుక్కోమంటారా సార్?” అంది. వార్డు చివరి నాలుగు మంచాల దగ్గర వైఫై కూడా అందదని చెప్పింది. ఆమెకి అవగాహన లేకపోవడం కాదు, కోరిక లేకపోవడం కాదు. ఆడ్కార్ ఐదు గడుల్లో గ్లవుజుకి గడి ఎక్కడుంది? ‘చేయగలగడం’ కింద వేయొచ్చంటారేమో. వేయొచ్చు. కానీ ఆ గడి నింపేది ట్రైనింగ్ ఇచ్చేవాడు, గ్లవుజు వేసుకునేది ఇంకొకరు.

అన్ని అభ్యంతరాలూ ఇంత అమాయకం అనను. కొత్త లెక్కతో పై సంపాదన పోయేవాడు ఎన్ని మెట్లు కట్టినా ఒప్పుకోడు. అది వేరే పంచాయతీ.

మనుషులు షాక్, కోపం, బేరం, దిగులు, ఒప్పుకోలు అని ఐదు దశల్లో మారతారట కదా?

ఆ దశలు ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ అనే మానసిక వైద్యురాలు 1969లో రాసినవి. మొదటిది ‘నమ్మకపోవడం’, షాక్ అని తర్వాత మార్చి వాడుతున్నారు. ఆమె మాట్లాడింది చావు దగ్గరపడిన రోగులతో. బయోమెట్రిక్ హాజరు వచ్చిందని గొణిగే క్లర్కుని ఆ వరసలో కూర్చోబెట్టడం నాకైతే ఇద్దరికీ అవమానంలా అనిపిస్తుంది.

మళ్ళీ గడ్డకట్టించడంలో తప్పేముంది? మార్పు నిలవాలి కదా?

నిలవాలి. కానీ గడ్డకట్టేంత తీరిక ఎవరిస్తున్నారు? జీఎస్టీనే తీసుకోండి. 2017 జూలై 1న వచ్చింది. మన గుజ్జు ఫ్యాక్టరీలకి అది సరిగ్గా తోతాపురి సీజన్ నడుమ. ఎవరూ తొందర పుట్టించలేదు, కరిగించలేదు, తేదీ వచ్చింది, పడ్డాం. నెలకి మూడు రిటర్నులన్నారు. అందులో రెండు ఆ ఏడాదే ఆపేశారు. తాత్కాలికం అని పెట్టిన 3బీ అనే రిటర్ను ఇప్పటికీ వేస్తున్నాం. 2018 ఏప్రిల్‌లో ఈ-వే బిల్లు. 2020 అక్టోబరులో 500 కోట్ల టర్నోవరు దాటినవాళ్ళకి ఈ-ఇన్వాయిస్, మెట్టుమెట్టుగా దిగి 2023 ఆగస్టుకి 5 కోట్లవాళ్ళ దాకా వచ్చింది. 2025 సెప్టెంబరు 22న శ్లాబులే మారిపోయాయి. మా అకౌంటెంటు మిత్రుడొకాయన టేబుల్ మీద గాజు కింద పాత రేట్ల కాగితాలు ఒకదాని మీద ఒకటి అంటించి ఉంటాయి. తీయడానికి టైము లేదంటాడు.

కార్ల్ వైక్, రాబర్ట్ క్విన్ అనే పరిశోధకులు 1999లో ఒక మంచి మాట చెప్పారు. ఆగకుండా మారుతున్న చోట కరిగించనవసరం లేదు, నడుస్తున్నదాన్ని ఒక్క క్షణం ఆపి చూసుకుని, సర్దుకుని, మళ్ళీ వదలాలి అని. లెవిన్ వరసని బోర్లించినట్టు. మన అకౌంట్స్ సెక్షన్లకి ఇదే దగ్గరగా ఉంటుంది.

చిన్న గెలుపులు చూపించమంటారు. అదైనా పనికొస్తుందా?

వస్తుంది, ప్రమాదమూ ఉంది. అలిపిరి నుంచి నడిచి ఎక్కినవాళ్ళకి చెబితే అర్థమవుతుంది. మొదట్లో నిట్టనిలువు మెట్లు, ఒళ్ళంతా చెమట, గాలిగోపురం చేరగానే అయిపోయిందనిపిస్తుంది. టీ తాగుతాం, ఫొటో దిగుతాం. ఆ తర్వాత చాలా దూరం చదునుగా నడక, హాయిగా ఉంటుంది. మోకాళ్ళమెట్టు అక్కడెక్కడో చివర్లో కాసుకుని ఉంటుంది. మేం కేకు కోసింది గాలిగోపురం దగ్గర. గెలిచామని ముందే ప్రకటించుకోవద్దని కోటర్ కూడా హెచ్చరించాడు, ఆ న్యాయం ఆయనకి చేయాలి. కాకపోతే కొండ మీద మోకాళ్ళమెట్టు ఎక్కడుందో అందరికీ తెలుసు.

ప్రభుత్వ ఆఫీసులకి ఈ మోడల్స్ నప్పుతాయా?

అన్ని స్టెప్‌ల వెనకా ఒకే నాయకుడు మొదటి నుంచి చివరిదాకా ఉంటాడన్న నమ్మకం ఉంది. ఇక్కడ నాలుగో మెట్టు మీద ఉండగా ఆఫీసరుకి ట్రాన్స్‌ఫర్. వచ్చినాయన మళ్ళీ మొదటి మెట్టు నుంచి మొదలుపెడతాడు, వేరే మెట్లతో. కింది సిబ్బంది తలూపి తమ పని తాము చేసుకుపోవడం నేర్చేసుకున్నారు.

ఇంకో సంగతి, తేదీ పైనుంచి వస్తుంది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. తిరుపతి జిల్లాలోకి చిత్తూరు నుంచి కొంత, గూడూరు, సూళ్ళూరుపేట వైపు నెల్లూరు నుంచి కొంత వచ్చి కలిశాయి. భవనాలు, సిబ్బంది, ఫైళ్ళు, బోర్డులు అన్నీ ఒకేసారి. రెండు జిల్లాల అలవాట్లున్న మనుషులు ఒకే ఆఫీసులో కూర్చున్నాక, ముందు కరిగించి తర్వాత కదిలించడానికి వీలేది? కదిలాకే, పక్క కుర్చీలోవాళ్ళు ఫైలు ఎలా కడతారో చూసి నేర్చుకోవాలి.

మాది ఇరవై మంది ఉన్న కుటుంబ వ్యాపారం. మాకు ఎనిమిది స్టెప్‌లా?

వద్దు. మీ నడిపే బృందం రాత్రి అన్నాల దగ్గరే కూర్చుంటుంది. నాన్నగారు కాదంటే మిగిలిన ఏడు మెట్లూ లేనట్టే.

మరి వీటికి బదులు ఏం వాడాలి?

ఆండ్రూ పెటిగ్రూ 1985లో ఐసీఐ అనే బ్రిటిష్ రసాయనాల కంపెనీ మీద పెద్ద అధ్యయనం వేశాడు. ఏం మారాలన్నది ఒక్కటే చూస్తే చాలదని, ఏ పరిస్థితుల్లో, ఎవరి పలుకుబడితో, ఎలా నడిచిందన్నది కలిపి చూడాలని ఆయన పట్టు. చదవడానికి బాగుంటుంది, రేపు పొద్దున్న ఫ్యాక్టరీకి వెళ్ళి ఏం చేయాలో మాత్రం చెప్పదు. స్టెప్ మోడల్స్ ఇంకా బతికుండడానికి కారణం కూడా అదే, అవి ఏదో ఒకటి చెబుతాయి.

నేను చేసేది చిన్నది. ఒక గేటు, ఒక షిఫ్టు, ఒక వార్డు. అక్కడ పెట్టి, రద్దీగా ఉన్న రోజు వెళ్ళి కూర్చుని చూసి, మార్చి, మళ్ళీ పెట్టడం. డెమింగ్ చక్రం అని క్వాలిటీవాళ్ళు చెప్పేది దాదాపు ఇదే. ఇంకా, పని చేసేవాళ్ళ జేబుల్లో, డ్రాయర్లలో, గోడల మీద సొంతంగా రాసుకున్నవి వెతుకుతాను. స్టెప్‌ల చార్టు కూడా దగ్గరుంచుకుంటాను, ప్రశ్నల కింద మార్చి: ‘అందరికీ చెప్పాం’ అని టిక్కు పెట్టకుండా ‘కాటా గదికి ఎవరు చెప్పారు, ఆయనేమన్నాడు’ అని. వరస మాత్రం పట్టించుకోను.

అంటే మెట్లు పూర్తిగా మానేయాలా?

అవసరం లేదు. పాత బాయిలర్ తీసి కొత్తది పెట్టడం లాంటివి, చివరికి ఏం కావాలో ముందే తెలిసినవి, వరసగానే చేయాలి. ఓనరు దగ్గర బడ్జెట్ అడగడానికి కూడా చార్టుని మించింది లేదు, ‘పెట్టి చూద్దాం సార్’ అంటే డబ్బు రాదు. మనుషుల అలవాట్లు, బేరాలు, నమ్మకాలు కలిసిన చోట వరస తెగుతుంది.

ఎంబీఏ పరీక్షలో ఏం రాయాలి సార్?

ఎనిమిదీ వరసగా రాయండి, బొమ్మ వేయండి. చివర్లో పరిమితులు ఒక పేరా. మార్కులు పోగొట్టుకోమని నేను చెప్పను.

ఆ గుజ్జు ఫ్యాక్టరీలో ఇప్పుడెలా ఉంది?

ఆ జూన్‌లోనే, ఓ చీటీ వెనకవైపు పెద్దాయన గీసిచ్చిన బొమ్మ పట్టుకుని సాఫ్ట్‌వేర్ కుర్రాడు ‘కచ్చా చీటీ’ అని ఒక గడి పెట్టాడు. తూకం టైము అప్పుడే పడుతుంది, తరుగు తర్వాత ఎక్కుతుంది, ఆపైన తాళం. ట్రాక్టర్ల వరస తగ్గింది. నోటుబుక్కు మాత్రం పోలేదు. ప్రతి సీజన్ మొదట్లో వెళ్ళి, టీ తాగుతూ దాన్నే ముందు చూపించమంటాను. మొన్న చూసినప్పుడు కొన్ని బండి నంబర్ల పక్కన చిన్నగా ‘ట’ అని రాసుంది. అదేంటని అడిగితే, టోకెన్ లేకుండా లోపలికొచ్చిన బండ్లన్నాడు. ఎవరు పంపిస్తున్నారని అడిగితే, పెన్సిల్ జేబులో పెట్టుకుని, “ఇంకో టీ చెప్పమంటారా సార్?” అన్నాడు.